ఫోటోలను అక్షరాలనుకున్నాను

ఆ శుక్రవారం పొద్దున మా ఆఫీసు మెట్ల మీద నిలబడ్డ మనుషులంతా నా మూలంగా వచ్చినవాళ్లే. సమాయిల్ లేబర్ క్యాంపు నుంచి కొన్ని బస్సులు, అల్ సువైక్ నుంచి ఒకటి వచ్చాయి. వారం మొత్తానికి వాళ్లకున్న సెలవు అదొక్కటే. బట్టలుతుక్కునేదీ, ఇంటికి ఫోన్ చేసుకునేదీ, కాస్త ఆలస్యంగా నిద్ర లేచేదీ ఆ రోజే. దాన్ని కాస్తా నేను మింగేశాను.

మా ఆఫీసు ఒమన్ దేశంలో, మస్కట్ పక్క బౌషర్‌లో ఒక మందుల షాపు పైన ఉండేది. బిల్డింగులు కట్టే కంపెనీలకు సైట్ గేట్ల దగ్గర పనికొచ్చే సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. పనివాడు గేటు దగ్గర కార్డు గీకితే సెక్యూరిటీ ముందున్న కంప్యూటర్ మీద అతని పేరూ ఫోటో వస్తాయి. సెక్యూరిటీ ఫోటో చూసి, మనిషిని చూసి లోపలికి పంపిస్తాడు. ఫోటో లేకపోతే లోపలికి పంపడు. లోపలికి పోకపోతే ఆ రోజు డ్యూటీ లేనట్టే.

మా ఆయన ఉద్యోగం మీద మస్కట్ వచ్చిన కొత్తలో నేను ఇంట్లోనే ఉన్నాను. బెంగళూరులో ప్రోగ్రామర్‌గా చేసి వచ్చినదాన్ని, ఏసీ చప్పుడు వింటూ ఊరికే కూర్చోలేక ఈ ఉద్యోగం వెతుక్కున్నాను. నాకు ముందు పనిచేసినాయన కెనడా పోతూ పోతూ తను రాసిన ప్రోగ్రాములన్నీ వదిలి వెళ్లాడు. వాటిల్లో ముఖ్యమైనది ఒక లైబ్రరీ. మా ప్రోగ్రాములకీ డేటాబేస్‌కీ మధ్య నిలబడి, అడిగింది తెచ్చివ్వడం, ఇచ్చింది తీసుకుపోయి దాచడం దాని పని. పేర్లూ ఫోటోలూ అన్నీ దాని చేతుల మీదుగానే పోయేవి.

ఆ లైబ్రరీకి ఒక జబ్బుండేది. అరబ్బీలో పేర్లు ఎక్కిస్తే ప్రశ్నార్థకాలై బయటికొచ్చేవి. గేట్ల దగ్గర కూర్చునే సెక్యూరిటీ వాళ్లలో అరబ్బీ తప్ప ఇంగ్లీషు చదవలేనివాళ్లు చాలామంది. సరిగ్గా అప్పుడే, రెండు వేల తొమ్మిదిలో, మేము వాడే పైథాన్ భాషకు మూడో వెర్షన్ కొత్తగా వచ్చింది. దాంట్లో ఏ భాష అక్షరమైనా ఒకటే, అరబ్బీ అయినా తెలుగైనా ఇబ్బంది లేదు. లైబ్రరీని కొత్త వెర్షన్‌కి మారుస్తానని మేనేజర్‌తో నేనే అన్నాను. నన్నెవరూ అడగలేదు. నా ఉబలాటం నాది.

మేనేజర్ కేరళ ఆయన, మెత్తని మనిషి. "రిస్క్ ఏమీ లేదు కదా?" అన్నాడు. లేదన్నాను.

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. కంప్యూటర్ లోపల అన్నీ అంకెలే, ఆ అంకెల్ని మేము బైట్లంటాం. పేరులోని బైట్లు అక్షరాలకు గుర్తులు. ఫోటోలోని బైట్లు అలా కాదు, అవి వెలుగూ రంగూ తాలూకు లెక్కలు. వాటిని అక్షరాలుగా చదవబోతే అర్థం లేదు. పాత వెర్షన్ ఈ రెంటికీ తేడా చూసేది కాదు. కొత్తది మాత్రం నిక్కచ్చిగా అడుగుతుంది, ఇది రాతా, ఉత్త బైట్లా అని. లైబ్రరీలో పేర్లకొక దారీ, ఫోటోలకొక దారీ నేను విడిగా వేయాల్సింది. వేయలేదు. డేటాబేస్ నుంచి వచ్చినదాన్నల్లా అక్షరాలుగా మార్చేయమని రాశాను.

ఫోటోల దగ్గర ప్రోగ్రాం ఆగిపోయింది. ఈ బైటు ఏ అక్షరమూ కాదని తెర మీద ఎర్రర్ వచ్చింది. మళ్లీ నడిపితే మళ్లీ అదే. అది నాకు చేస్తున్న హెచ్చరిక. నేనేమో దాని నోరు మూయించే ఉపాయం వెతికాను. యూరప్ భాషల కోసం చేసిన పాత అక్షరాల పట్టిక ఒకటుంది, దాంట్లో ప్రతి బైటుకీ ఏదో ఒక అక్షరం ఉంటుంది. ఏదిచ్చినా కాదనదు. మామూలు పద్ధతి కుదరనిచోట దాన్ని వాడమని ఒక వరుస చేర్చాను. ఎర్రర్లు ఆగిపోయాయి. లైబ్రరీతో పాటే మెషీన్‌నీ మార్చాం, డేటా మొత్తం పాతదాని నుంచి కొత్తదానికి సాఫీగా వచ్చేసింది.

అరబ్బీ పేర్లు కుడి నుంచి ఎడమకి ముచ్చటగా వచ్చాయి. మేనేజర్ అందర్నీ పిలిచి చూపించి, కుంకుమపువ్వు వేసిన హల్వా తెప్పించాడు. నా పేరు తెలుగులో కొట్టి చూపిస్తే చప్పట్లు కొట్టారు. హల్వా తిన్నాను, అరబ్బు కాఫీ కహ్వా తాగాను. ఒక్క ఫోటో కూడా తెరిచి చూడలేదు. ఆ సాయంత్రమే పాత మెషీన్‌ని ఫార్మాట్ చేసి వేరే ఆఫీసుకు పంపేశారు. బ్యాకప్ డిస్క్ మీద కూడా కొత్త డేటానే ఎక్కించాం. పాతది ఉంచాలా అని మేనేజర్ అడిగితే, అవసరం లేదు సార్ అన్నది నేనే.

మర్నాడు పొద్దున అల్ సువైక్ గేటు నుంచి ఫోన్. పేర్లు బాగున్నాయి, మొహాలు లేవు. ఏ కార్డు గీకినా బూడిద రంగు డబ్బా వస్తోంది.

ఒకటి తెరిచాను. ఇంకొకటి తెరిచాను. అట్లా ఎన్ని తెరిచానో. మేనేజర్ గదిలోకి పోయి, తప్పు నాదని చెప్పాను. ఆయన అరిచుంటే నయంగా ఉండేది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అవుతుంటాయి. ఈ వారం పేరు చూసి పంపించమని గేట్లకు చెబుతాను. శుక్రవారం అందర్నీ రప్పించి మళ్లీ ఫోటోలు తీసేయండి" అన్నాడు. క్యాంపులకు పోయిన కబురులో మాత్రం సిస్టమ్ ఖరాబైందని ఉంది.

అట్లా వచ్చారు వాళ్లంతా. మే నెల ఎండ. మెట్లు నిండిపోయి వరుస మందుల షాపు ముందు దాకా పోయింది. నూనె రాసి దువ్వుకున్న తలలతో, పౌడర్ అద్దుకున్న మొహాలతో వచ్చారు. కొందరికి మంచి చొక్కా లేదు. ఒక నీలం గళ్ల చొక్కా వరుసలో చేతులు మారుతూ వచ్చింది. ఫోటో దిగినవాడు విప్పి వెనకవాడికి ఇచ్చేవాడు. ఆ వెనకవాడు చెమట తడిదాన్నే తొడుక్కుని గుండీలు పెట్టుకుంటూ నా ముందుకు వచ్చేవాడు.

చాలామంది కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లు. నేను తెలుగు మాట్లాడేసరికి వరుసంతా కదిలింది. "మేడం మనోల్లేరా!" అని ఒకడు కిందికి కేకేశాడు.

"ఏ ఊరు మేడం?" అన్నాడు గళ్ల చొక్కాలో ఉన్న పెద్దాయన.

"కడప దగ్గర."

"కడపనా? మా క్యాంపు ఎనుక విల్లాల కడప అక్క ఒకామె పన్జేస్తది. మా వంట మనిషికి పచ్చడి పంపుతది. మరి మీరు ఏ ఇంట్ల..."

"నేను ఇంజనీర్ని" అన్నాను. కావాలనుకున్నదానికన్నా గట్టిగానే వచ్చింది.

ఆయన మొహం చిన్నబోయింది. "తప్పైంది మేడం" అన్నాడు. ఏం తప్పు? నా ఊరి ఆడమనిషి నలుగురికి పచ్చడి పెడుతోందని చెప్పాడు, అంతే. మస్కట్ ఎయిర్‌పోర్టులో దిగిన రోజున కూడా కౌంటర్‌లో ఉన్నతను నా పాస్‌పోర్టు చూసి ఎవరింటికి పనికొచ్చావని అడిగాడు. ఆ రోజు పుట్టిన ఉక్రోషం ఈ పెద్దాయన మీద తీరింది. సర్దిచెప్పే లోపు ఆయన చొక్కా విప్పుతూ వెళ్లిపోయాడు.

కాసేపటికి తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయేమో.

"తువ్వాలు తీయన్నా, తల కనపడాల" అన్నాను.

తీయలేదు. "మేడం, పాత ఫోటోనే ఉండనియ్యరాదుండ్రి" అన్నాడు.

"పాతది లేదన్నా. పోయింది."

"కంప్యూటర్ల పెట్టింది యాడికి పోతది?"

"నేనే పోగొట్టినా. కొత్త ప్రోగ్రాం రాస్తా తప్పు చేసినా. అందుకే మిమ్మల్నందర్నీ పిలిపించాల్సొచ్చింది."

అతను నవ్వాడు. "మీరేం జేస్తరు మేడం. మిషన్ గదా, దాని ఇష్టం" అంటూ తువ్వాలు తీశాడు. కొత్తగా గీసిన గుండు. ఎండకు నల్లబడిన మొహం మీద తల మాత్రం తెల్లగా, వేరే ఎవరిదో తెచ్చిపెట్టినట్టుంది.

"మా నాయన పోయిండు మేడం" అన్నాడు మెల్లగా. "లీవు దొరకలే. రూమ్‌లనే గీయించుకున్న. పొద్దుగాల కార్డు గీకినప్పుడల్లా గీ మొకం తెర మీద పడ్తది గదా. ఎంటికలు మొలుస్తయి గని, ఫోటో మారదు గదా."

వెనక ఎవరో తొందర పెడుతున్నారు. బస్సు డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నా మెడ మీద చెమట ధారగా కారుతోంది.

"కొంచెం గోడకు ఆనుకో అన్నా. ఇటు చూడు" అన్నాను. నొక్కాను. "అయిపోయింది. తర్వాత ఎవరు?"

అతను తువ్వాలు చుట్టుకుని మెట్లు దిగి వెళ్లాడు.

ఆ రోజుల్లో ఒమన్‌లో శనివారంతో వారం మొదలయ్యేది. ఆ శనివారం కొత్త ఫోటోలు ఎక్కించడానికి కూర్చున్నాను. పాడైనవాటిని తుడిచేసేముందు వాటి సైజు మీద కన్ను పడింది. పాడైన ఫోటో చిన్నదవ్వాలి, ఎక్కడో ఏదో తెగిపోయి ఉండాలి. ఇవేమో ఉండాల్సినదానికన్నా పెద్దగా, ఒకటిన్నర రెట్లకు ఉబ్బి ఉన్నాయి. ఎందుకు ఉబ్బాయి?

ఒక ఫోటోను బైట్లుగా తెరిచి మొదటి వరుస చూశాను. ఫోటో ఏదైనా మొదట్లో ఉండే గుర్తు ఒకటే, మాకది కంఠతా వచ్చు. ఆ గుర్తు అక్కడే ఉంది. కాకపోతే అందులోని ఒక్కో బైటూ రెండేసి బైట్లుగా మారి ఉంది. నేను వాడిన పాత పట్టిక ప్రతి బైటునూ ఒక అక్షరం చేసింది, తిరిగి దాచేటప్పుడు ఆ అక్షరాల్లో సగాన్ని లైబ్రరీ కొత్త పద్ధతిలో రెండేసి బైట్లుగా రాసింది. అంతే జరిగింది. ఒక్క బైటూ పోలేదు. వచ్చిన దారిలోనే వెనక్కి నడిపిస్తే చాలు, ముందు అక్షరాలుగా చదవడం, తర్వాత ఆ పాత పట్టిక ప్రకారం బైట్లు చేయడం. ఒక్క వరుస ప్రోగ్రాం. రాసి నడిపాను.

మొహాలు తిరిగొచ్చాయి.

మొదట సంతోషమే కలిగింది, ఎందుకు దాచాలి. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ తర్వాత నిన్నటి మెట్లు గుర్తొచ్చాయి. వాళ్లు రావాల్సిన పనే లేదు. ఇదే సైజు వారం కిందట చూసి ఉంటే, ఇదే వరుస అప్పుడే రాసి ఉంటే, వాళ్ల శుక్రవారం వాళ్లకుండేది.

తెర మీద పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి, సరిగ్గా కుదిరాయా లేదా అని చూసుకుంటూ పోయాను. అప్పుడు ఇంకొకటి కనబడింది. పాత ఫోటోలు వాళ్లు ఒమన్‌కి కొత్తగా వచ్చినప్పటివి. నిండు బుగ్గలు, ఒత్తైన జుట్టు, ఊళ్లో ఫోటో దిగేటప్పటి బిగువు. కొత్తవాటిల్లో అవే కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. దవడలు తేలాయి. కొందరిని పేరు చూస్తేగానీ ఆ మనిషేనని నమ్మలేకపోయాను. మధ్యలో గడిచింది మూడు నాలుగేళ్లే. వాళ్ల మొహాల్లోకి అంత చనువుగా చూడడానికి నాకు హక్కేముందనిపించింది. అయినా చివరిదాకా చూశాను.

మేనేజర్‌కి చెబితే మహా సంతోషించాడు. "పోయాయనుకున్న డేటాను తిరిగి తెచ్చావు!" అని ఓనర్లకు నన్ను మెచ్చుకుంటూ మెయిల్ పెట్టాడు. వాళ్లను అనవసరంగా రప్పించామని చెప్పాలి కదా అంటే, ఈగను తోలినట్టు చెయ్యి ఊపాడు. "ఎవరడుగుతారు? కొత్త ఫోటోలు తాజాగా ఉన్నాయి, అవే వాడండి. పాతవి వేరేగా దాచండి." ఓనర్ల దగ్గర నుంచి శభాష్ అని జవాబొచ్చింది. దాన్ని తెరిచిన ప్రతిసారీ వంట్లో జ్వరం వచ్చినట్టుండేది.

గుండు మనిషి ఫోటో ఒక్కటైనా మార్చాలనిపించింది. అతని పాత ఫోటో ప్రింట్ తీయించి, మా ఆయన్ని కారు తీయమని బతిమాలి, తర్వాతి శుక్రవారం సాయంత్రం సమాయిల్ వెళ్లాను. ఖర్జూరం తోటలు దాటాక, రాళ్ల గుట్ట పక్కన వరుసగా పోర్టా క్యాబిన్లు, పెట్టెల్లాంటి రేకు గదులు. తాళ్ల మీద ఆరేసిన లుంగీలు. మా ఆయన కారు దగ్గర క్యాంపు బాస్‌తో మాట్లాడుతూ నిలబడిపోయాడు. ఎవరో నన్ను రూమ్‌కి తీసుకుపోయారు.

నన్ను చూసి మంచాల మీద నుంచి అందరూ లేచారు. ఒకడు దుప్పటి దులిపి కూర్చోమన్నాడు. ఇంకొకడు టీ పెట్టడానికి పరిగెత్తాడు. గుండు మనిషి స్నానం చేసి వచ్చాడు. గుండు మీద అప్పుడప్పుడే నల్లగా వెంట్రుకలు పొడుస్తున్నాయి.

ప్రింట్ చేతికిచ్చాను. మీసం, పక్క పాపిడి, బొద్దు మొహం.

"ఓరినీ! గీడెవడ్రా!" అని పగలబడి నవ్వాడు. అది చేతులు మారింది, రూమంతా నవ్వింది. "యాడ దొరికింది మేడం?"

"పోలేదన్నా. లోపలే ఉండింది. నేనే సరిగ్గా చూసుకోలేదు. మీరెవ్వరూ ఆ రోజు రావాల్సిన పనే లేదు."

నవ్వులు ఆగాయి. మూలనున్నతను, "అంటే ఉత్తగనే వచ్చినమా?" అన్నాడు.

"ఉత్తగనే."

ఒక్క తిట్టు తిట్టినా భరించేదాన్ని. ఆ మూలనున్నతనే, "పోనీ తియ్యుండ్రి. బస్సుల మస్కట్ జూసినం గదా" అన్నాడు. టీ తెచ్చినతను గ్లాసు నా చేతిలో పెట్టి, అంత దూరం నుంచి చెప్పడానికి వచ్చినందుకు చాలా సంతోషమన్నాడు. తల వంచుకుని గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

"రేపటి నుంచి గేట్లో ఈ పాత ఫోటోనే పడేటట్టు పెడతానన్నా" అన్నాను గుండు మనిషితో.

అతను తల అడ్డంగా ఊపాడు. "వద్దు మేడం. గుండుదే ఉండనియ్యుండ్రి."

"ఆ రోజు వద్దంటివి కదా?"

"అన్న. నిజమే." నా ఎదురు మంచం మీద కూర్చున్నాడు. "గేటు కాడ సెక్యూరిటీ బలూచి తాత ఉంటడు గదా. ఎన్నడూ ఒక్క మాట మాట్లాడడు, తెర సూస్తడు, చెయ్యి ఊపుతడు, గంతే. టోపీ పెట్టుకొని పోతుంటి గాబట్టి నా తల సూడలే ఆయన. మొన్న కొత్త ఫోటో పడ్డది. తెర సూసిండు, నన్ను సూసిండు. 'క్యా హువా?' అన్నడు. మా నాయన పోయిండని చెప్పిన. కుర్చీలకెల్లి లేసిండు మేడం. లేసి నా రెండు చేతులు పట్టుకున్నడు. ఎనుక లైనంత ఆగింది. ఆయన నోట్లె ఏదో దువా చదివిండు. నాకు అర్థం గాలే. చదివినంక నా భుజం తట్టి పంపిండు. మా రూమోల్లు కాక, గీ దేశంల నన్ను అడిగినోడు ఆయనొక్కడే."

నన్ను పొడవాలని చెప్పిన మాట కాదది. ఆ ముసలాయన మంచితనం చెబుతున్నాడు, అంతే. ఆ రోజు మెట్ల మీద వాళ్ల నాయన పోయిన సంగతి నాకు చెప్పినట్టు అతనికి గుర్తుందో లేదో. నాకుంది. అతని మాటలు ఆ ముసలాయనకు సరిగ్గా అర్థమయ్యాయో లేదో కూడా తెలియదు. నాకు ప్రతి మాటా అర్థమైంది. నా భాషలోనే చెప్పాడు. గోడకు ఆనుకోమన్నాను.

ఫోటోల సంగతి చెప్పి సిగ్గు దించుకుందామని అంత దూరం వచ్చాను. అది నా అసలు సిగ్గు కాదని ఆ ఇనప మంచం మీద కూర్చున్నప్పుడు తెలిసింది. దానికి ఏ వరుస రాసి వెనక్కి నడిపించగలను?

ఏమడగాలో తెలియక, చాలా ఆలస్యంగా, "మీ నాయన ఏం పని చేసేవాడన్నా?" అన్నాను.

అతని మొహం విచ్చుకుంది. "బావులు తవ్వేటోడు. మా దిక్కు సగం బావులు ఆయన తవ్వినయే. బోర్లు వచ్చినంక పని పోయింది. నేను గీడికి వచ్చినంక ఫోన్ల ఒక్కటే అడిగేటోడు, 'ఆడ మట్టి ఎట్లుంటదిరా?' అని. మట్టి ఏడున్నది నాయనా, అంత రాయే అంటుంటి. 'మంచిగైంది, నిన్ను బావి తవ్వుమనరు' అని నవ్వేటోడు."

చెబుతూ అతనూ నవ్వాడు. నవ్వుతూనే మొహం తుడుచుకున్నాడు. పక్కనున్నవాళ్లకు ఆ మాటలు అంతకుముందే తెలుసనుకుంటాను, వాళ్లు అతనివైపు కాకుండా కిందికి చూస్తున్నారు. నేను టీ తాగడం మర్చిపోయాను. అతను ఇంకా చాలా చెప్పాడు. నేను మధ్యలో ఒక్కసారీ అడ్డం రాలేదు, ఓదార్పు మాట ఒక్కటీ పలకలేదు కూడా. ఏది నోటిదాకా వచ్చినా, ఇప్పుడా, అనిపించింది.

వెళ్లేటప్పుడు ప్రింట్ తిరిగివ్వబోయాడు. ఉంచుకోమన్నాను. "అయితే మా అమ్మకు పంపుత. ఎంటికలతోని ఉన్న అని సంబురపడ్తది" అన్నాడు. మిగిలినవాళ్లు తమ పాత ఫోటోలు కూడా కావాలన్నారు. ఆ నెలలో అందరివీ ప్రింట్లు తీయించి క్యాంపులకు పంపాను. లైబ్రరీలో పేర్లకూ ఫోటోలకూ దారులు విడగొట్టాను. అది ఆ తర్వాత ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

ఆ సాయంత్రం మాత్రం కారు గుట్టలు దాటుతుండగా మా ఆయన, "ఏమన్నాడు? సంతోషించాడా?" అని అడిగాడు.

"ఫోటో మార్చొద్దన్నాడు" అన్నాను.

"ఎందుకట?"

చెప్పాలంటే మెట్ల దగ్గర నుంచి చెప్పాలి. కిటికీ అద్దం దించి గాలికి మొహం పెట్టాను.